అమెరికా స్టిక్కరు

గుండ్రం స్టిక్కరు ముందు వైపు, ముక్కోణం స్టిక్కరు వెనక వైపు అని చెప్పి ఉంటే మమతకు అసలు అనుమానమే వచ్చేది కాదు. చెప్పింది చెప్పినట్టు అంటించి, వేళ్ళకు పట్టిన జిగురు కొబ్బరి నూనెతో వదిలించుకుని, సాయంత్రం ప్యాసింజరుకి ఏలూరు వెళ్ళిపోయేది. యజమాని గంగాధరరావు గారు అలా చెప్పలేదు. గుండ్రం ఉన్న ప్యాకెట్టు మీద ముక్కోణం ఉండకూడదన్నారు. ముక్కోణం ఉన్న ప్యాకెట్టు మీద గుండ్రం అస్సలు కనపడకూడదన్నారు.

"పొరపాటున కూడా కలవకూడదమ్మా. ముక్కోణాలు అమెరికా వెళ్ళే సరుకుకి, గుండ్రాలు మన సరుకుకి. కలిశాయంటే అక్కడి నుంచి సరుకంతా తిరిగొచ్చేస్తుంది."

"మరి అమెరికా పొడి ఎప్పుడొస్తుందండీ?" అని అడిగింది మమత.

"అమెరికా పొడేంటి? పొడి ఒకటే." ఆయన మోగుతున్న ఫోను చెవి దగ్గర పెట్టుకుని వెళ్ళిపోయారు.

తాడేపల్లిగూడెంలో ఆ షెడ్డు ఒకప్పుడు ఉల్లిపాయల గోడౌను. ఇప్పుడు గోడలకు తెల్ల టైల్సు వేశారు, ఏసీలు పెట్టారు, లోపలికి అడుగు పెట్టాలంటే తలకు టోపీ, మూతికి మాస్కు ఉండాలి. అయినా ముసురు పట్టిందంటే చాలు, ఏ మూల నుంచో పాత ఉల్లివాసన బయల్దేరుతుంది. అక్కడ తయారయ్యేది 'నిండు గ్లాసు'. బఠాణీ పిండి, ముడిబియ్యప్పిండి, కోకో, పాలపొడి, ఇంకా నోరు తిరగని పేర్లవి ఏవేవో కలిపిన పొడి. ఒక గ్లాసు కలుపుకుని తాగితే ఒక పూట భోజనంతో పని లేదని ప్యాకెట్టు మీద ఉంటుంది. ఎటు చూసినా వరిచేలే కనపడే చోట అన్నం మానిపించే పొడి అమ్మి పైకొచ్చిన మనిషి గంగాధరరావు గారు. తెలివిగలవాడు కాదని ఎవరనగలరు?

మమత పని స్టిక్కర్లు అంటించడం. రోలు నుంచి ఒలిచి, ప్యాకెట్టు కుడి పైమూలన ఆనించి, బొటనవేలితో మధ్య నుంచి అంచులకు రుద్దాలి. అంచు నుంచి మొదలుపెడితే గాలిబుడగ నిలబడిపోతుంది. బంగారు రంగు గుండ్రం మీద తెలుగులో కొట్టొచ్చినట్టు ఉంటాయి అక్షరాలు: 'హెవీ మెటల్స్ లేవు. ల్యాబ్‌లో పరీక్షించినది.' హెవీ మెటల్స్ అంటే సీసం లాంటివి. ఏలూరు మనిషికి ఆ మాట ఊరికే కనపడదు. ఊళ్ళో జనం ఉన్నట్టుండి ఫిట్లొచ్చి పడిపోయిన ఆ డిసెంబరులో ఆమె అత్తగారు సుందరమ్మ కుళాయి దగ్గరే బిందె వదిలేసి పడిపోయింది. నీళ్ళన్నారు, కూరగాయలన్నారు, రక్తంలో సీసం అన్నారు. ఏది ఎక్కణ్ణించి వచ్చిందో ఆ వీధిలో ఎవరికీ ఈనాటికీ తెలియదు. సీసం అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ తేలిగ్గా అనరు.

అందుకే ఆడపడుచు హర్షిణికి ఈ పొడి మమతే తీసుకెళ్ళి ఇచ్చింది. 'లేవు' అని రాసి ఉంది కదా, ఇంతకంటే ఏం కావాలి అనుకుంది. హర్షిణికి ఐదో నెల. మొదటిసారి మూడో నెలలోనే పోయింది. ఈసారి ముదినేపల్లి అత్తవారింట్లో ఉంచకుండా ముందే పుట్టింటికి తెచ్చుకున్నారు. అన్నం ఉడుకుతున్న వాసనకే పిల్ల పెరట్లోకి పరిగెడుతుంది. ఈ గ్లాసు ఒక్కటే కడుపులో నిలుస్తోంది. పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి అదే భోజనం.

ఇప్పుడు మమత చేతిలో ఉన్న ముక్కోణం పసుపు రంగుది. మధ్యలో నల్లటి ఆశ్చర్యార్థకం, పక్కన చీమల బారులా ఇంగ్లీషు. ఇంటరుతో చదువు ఆపేసిన మమత కూడబలుక్కుని వార్నింగ్ అన్నది చదవగలిగింది, కాలిఫోర్నియా అన్నది చదవగలిగింది. మిగతాది కొరుకుడు పడలేదు.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు ఆ స్టిక్కరు రూబీ ముందు పెట్టింది. రూబీ అక్కడ క్వాలిటీ చూసే అమ్మాయి, కెమిస్ట్రీ చదివింది. పచ్చడి కలుపుకుంటూ ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

"తెలుగులో చెప్పు రూబీ."

"ఇందులో సీసం, కాడ్మియం లాంటివి ఉన్నాయి, వాటివల్ల క్యాన్సరు రావచ్చు, పుట్టబోయే బిడ్డకి హాని జరగొచ్చు అని రాసిందక్కా."

"పుట్టబోయే బిడ్డకా?"

"కంగారు పడిపోకు. ఉన్నది చాలా కొంచెం. నేలలో ఉంటుంది, పంటలోకొస్తుంది, కోకోలోకొస్తుంది. అక్కడి రూలు మరీ గట్టిది. చాలా వాటి మీద అంటిస్తారు ఇలాగే. మన రూలు ప్రకారం మన సరుకు పాసే."

"పాసవడం వేరు, లేకపోవడం వేరు కదా."

రూబీ ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "నా రిపోర్టులో 'పరిమితి లోపల' అనే ఉంటుందక్కా. 'లేవు' అని నేనెక్కడా రాయలేదు. గుండ్రం స్టిక్కరు సారు వేయించారు."

"కడుపుతో ఉన్న పిల్ల మూడు పూటలా ఇదే తాగుతుంటే?"

"మూడు పూటలానా?" రూబీ గొంతు తగ్గించింది. "ఏమవుతుందో నాకు తెలీదక్కా. ఏమీ అవ్వకపోవచ్చు. మా చెల్లెలైతే మాత్రం నేను తాగనివ్వను."

ఆ మధ్యాహ్నం మమత అంటించిన ప్రతి గుండ్రమూ ఆమెకు బూతులా కనిపించింది. పక్క బల్ల మీద ముక్కోణాల వాళ్ళు, ఈ బల్ల మీద గుండ్రాల వాళ్ళు. రెండు బల్లలకూ ప్యాకెట్లు దిగేది ఒకే గొట్టం కింద నుంచి. పొడి దుమ్ము మాస్కు దాటి నాలుక మీదికొచ్చి తియ్యగా తగిలింది.

రైల్లో పూళ్ళ దాటేవరకూ ఎలా చెప్పాలా అని ఆలోచించింది. భీమడోలు వచ్చేసరికి ఎలా చెప్పినా ఒకటేనని అర్థమైంది. ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతూనే చెప్పేసింది.

హర్షిణి మంచం మీద గోడకానుకుని కూర్చుని పొడి కలిపిన షేకరు ఊపుతోంది. చేతులు పుల్లల్లా అయిపోయాయి, ఆ ఊపడానికే ఆయాసపడుతోంది. విన్నంతసేపూ ఊపడం ఆపలేదు.

"నువ్వే కదా వదినా తెచ్చావు? నువ్వే కదా ఇందులో ఏమీ ఉండవు, హాయిగా తాగమన్నావు?"

"తెలీక తెచ్చాను. ఇప్పుడు తెలిసి చెప్తున్నాను."

"అమెరికాలో వాళ్ళకి అన్నిటికీ భయమేనంట. మా ఆయన స్నేహితుడొకడు చెప్పాడు, అక్కడ కాఫీ కొట్లో కూడా ఇలాంటి బోర్డులుంటాయంట."

"ఉండనీ. వాళ్ళకి చెప్తున్నారు కదా! విని తాగేవాడు తాగుతాడు, మానేవాడు మానతాడు. మనకి చెప్పలేదు. చెప్పకపోగా లేవన్నారు."

"గంగాధరరావు గారంతటివాడు విషం అమ్ముతాడా?"

సుందరమ్మ గ్లాసులో పల్చటి గంజి పట్టుకొచ్చింది. రోజూ సాయంత్రం తెస్తుంది, రోజూ వెనక్కి పట్టుకెళుతుంది. ఉప్పేసి, నిమ్మకాయ పిండి, చల్లార్చి తెస్తుంది పాపం. హర్షిణి ముక్కు మూసుకుని మొహం తిప్పేసుకుంది.

"అదొద్దమ్మా. వాసనకే వచ్చేస్తోంది. నాకు ఇదొక్కటే నిలుస్తోంది. దీన్ని కూడా మాన్పించేస్తే నేనేం తినను? పోయినసారి తినకే కదా పోయిందన్నారు అందరూ!" షేకరు మూత తీసింది. గ్లాసులోకి ఒంపుకుని గటగటా తాగేసింది.

మమత ఖాళీ గ్లాసు అందుకుంది. భయపడిన మనిషిని ఇంకో భయంతో గెలవడం తన వల్ల కాదనిపించింది. మొగుడు దుర్గారాజు ఉంటే అతనైనా చెప్పేవాడేమో. అతను చేపల పట్టుబడికని కొల్లేటి మీదికి వెళ్ళాడు, ఆదివారానికి గాని రాడు. ఫోను చేస్తే వలల దగ్గరి గోలలో "ఏంటీ? సీసాలా?" అని అరిచాడు. పెట్టేసింది.

మర్నాడు గంగాధరరావు గారి గది బయట నిలబడింది. ఆయన మంచిగానే లోపలికి పిలిచారు, కూర్చోమన్నారు. కూర్చోలేదు. చెప్పదలుచుకున్నది చెప్పింది.

"సార్, గుండ్రం మీద 'లేవు' అని తీసేసి, ఉన్నది ఉన్నట్టు వేయించండి. పరిమితి లోపలే అని వేయించండి. కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగమని ఒక ముక్క వేయించండి చాలు."

"ఇవన్నీ నీకెవరు చెప్పారమ్మా?"

రూబీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "స్టిక్కరు మీద ఉంది కదండీ."

"చూడమ్మా, మనం తప్పు చేయట్లేదు. మన గవర్నమెంటు రూలు ప్రకారం ప్రతి లాటూ పాసవుతోంది. నువ్వు తినే వంకాయలో లేదా? తాగే నీళ్ళలో లేదా?"

"వంకాయ మీద 'లేవు' అని ఎవరూ రాయలేదండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోపం తెచ్చుకోలేదు, తెచ్చుకుని ఉంటే మమతకు కొంచెం తృప్తిగా ఉండేది. "సరే, చూద్దాం. కొత్త స్టిక్కర్లు వేయించేటప్పుడు ఆలోచిద్దాం. వెళ్ళి పని చూసుకో."

ఆలోచిద్దాం అంటే ఏమిటో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. మమత వెళ్ళి పని చూసుకుంది.

బుధవారం హర్షిణిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మమతకు సెలవివ్వలేదు, సుందరమ్మే తీసుకెళ్ళింది. మమత ప్యాకెట్టు సంచిలో పెట్టి, డాక్టరమ్మకు చూపించమని వెయ్యిసార్లు చెప్పి పంపింది. సాయంత్రం వచ్చేసరికి హర్షిణి మొహం వెలిగిపోతోంది.

"చూపించాం వదినా. 'ప్రోటీన్ పొడేగా, తాగొచ్చు' అన్నారు."

"చదివారా?"

"బయట యాభైమంది ఉన్నారు, చదువుతూ కూర్చుంటారా?" అంది సుందరమ్మ, కూతురి తరఫున. "పైన లేవని రాసే ఉంది కదే, అది చూసి చెప్పారు."

మమతకు తలుపుకేసి తల కొట్టుకోవాలనిపించింది. తను అంటించిన స్టిక్కరు చూసి డాక్టరు తాగమంది! తన బొటనవేలితో గాలిబుడగ లేకుండా రుద్ది రుద్ది అంటించిన స్టిక్కరు!

గురువారం అమెరికా సరుకు లారీకెక్కింది. ముక్కోణాల రోలు ఒకటి మిగిలిపోయి బల్ల కింద అట్టపెట్టెలో పడి ఉంది. మధ్యాహ్నం నుంచి కొల్లేటి లైను సరుకు. ముదినేపల్లి, కైకలూరు, ఉండి వైపు కొట్లకు భీమరాజు వ్యాను మీద తీసుకెళ్ళి వేస్తాడు. అతను బయట వ్యానుకి ఆనుకుని కిళ్ళీ నములుతూ తొందరపెడుతున్నాడు.

మమత వంగి ఆ రోలు తీసింది. మొదటి ప్యాకెట్టుకి గుండ్రం అంటించింది. దాని పక్కనే ముక్కోణం ఆనించి, మధ్య నుంచి అంచులకు రుద్దింది. రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. ఒకటి లేవంటోంది, ఒకటి ఉన్నాయంటోంది. గుడ్డివాడికైనా కనపడాలి ఇంక, అనుకుంది. రెండోది అంటించింది. మూడోది అంటించింది. రోలు అయ్యేవరకూ అంటిస్తూనే ఉంది.

రూబీ అటుగా వచ్చింది. ఒక ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని, రెండు స్టిక్కర్లూ చూసి, మమత మొహం చూసింది. ప్యాకెట్టు మళ్ళీ జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, ఏమీ చూడనిదానిలా వెళ్ళిపోయింది. భీమరాజు పెట్టెలు ఎత్తుకెళ్ళాడు.

ఉద్యోగం పోతుంది, అది ఖాయం. కొట్లవాళ్ళు చూస్తారు. ఇదేంటి, లేవంటూనే ఉన్నాయంటున్నారేంటి అని నిలదీస్తారు. సరుకు తిరగ్గొడతారు. ఊరంతా గోలవుతుంది. ఆ గోల విన్నాకైనా హర్షిణి గ్లాసు కింద పెడుతుంది. ఉద్యోగం పోతే పోయింది, ఏదో ఒకటి చేసుకోవచ్చు. శుక్రవారం అంతా ఎవరు తలుపు తీసినా మమత తల ఎత్తి చూసింది. ఎవరూ ఆమెను పిలవలేదు.

శనివారం పిలిచారు.

గదిలో భీమరాజు ఉన్నాడు, రూబీ ఉంది. బల్ల మీద రెండు స్టిక్కర్ల ప్యాకెట్టు నిలబెట్టి ఉంది. మమత కొంగు నిండుగా కప్పుకుని గుమ్మం పక్కన నిలబడింది. ఏమనాలో రైల్లోనే అనుకుని వచ్చింది. 'నేనే అంటించానండి, తెలిసే అంటించాను' అనాలి.

"నేనే..." అని మొదలుపెట్టింది.

"తెలుసమ్మా, నీ చేతి పనని రాజు గారు చెప్పారు," అన్నారు గంగాధరరావు గారు. నవ్వుతున్నారు! "చెప్పండి రాజు గారూ, మీరే చెప్పండి."

భీమరాజు ఉత్సాహంగా ముందుకొచ్చాడు. "ఏం చెప్పమంటారండీ! ముదినేపల్లిలో వేసిన సరుకు సాయంత్రానికి లేదండి. కైకలూరులో కొట్టాయన ఫోను మీద ఫోను. అమెరికా స్టిక్కరున్నదే కావాలంట, పాత ప్యాకెట్లు వెనక్కి తీసుకెళ్ళిపోమంటున్నాడండి."

"వార్నింగ్ అని ఉంది కదండీ దాని మీద," అంది మమత.

"ఎవరు చూస్తారండీ అవి? కాలిఫోర్నియా అని ఉంది, అది చూశారు. ఎక్స్‌పోర్టు సరుకు! మీకు తెలియందేముంది, మా వైపు రొయ్యయినా చేపయినా పెద్ద సైజు, మంచి కౌంటంతా బయటికే పోద్ది. ఏరగా మిగిలింది మనం తింటాం. ఇన్నాళ్ళకి బయటికెళ్ళే సరుకు మన కొట్లోకొచ్చిందని వాళ్ళ సంబరం."

"చదువుకున్నవాళ్ళు ఒక్కరు కూడా అడగలేదా?"

"ఒకాయన అడిగాడండి. పక్కన గుండ్రం చూపించాను, తెలుగులో లేవని ఉంది కదండీ అన్నాను. పట్టుకెళ్ళాడు."

మమతకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. నిప్పని రాసి పెడితే చలి కాచుకుంటున్నారు ఈ జనం. ఎవరి మీద అరవాలి?

"నీకు ఎలా తట్టిందమ్మా ఈ ఐడియా?" అంటున్నారు గంగాధరరావు గారు. "సోమవారానికి కొత్త రోళ్ళు వచ్చేస్తాయి. ఇక నుంచి అన్ని ప్యాకెట్లకీ రెండూ అంటించేయండి. అన్నట్టు, నువ్వడిగిందీ జరిగినట్టే కదా? ఉన్నాయని చెప్పమన్నావు. చెప్తున్నాం!"

రూబీ నేలకేసి చూస్తోంది. మమత ప్యాకెట్టు వంక చూసింది. ముక్కోణం కొంచెం కూడా వంకర లేకుండా, అంచు లేవకుండా ఎంత చక్కగా అంటుకుందో.

"అంటిస్తానండి," అంది నెమ్మదిగా. "ఒక్క మాట. ఆ ఇంగ్లీషు కింద అదే ముక్క తెలుగులో కూడా వేయించండి. అందరూ చదువుకుంటారు."

గంగాధరరావు గారు ఆమె వంక చూశారు. ఆమె వేళాకోళం ఆడుతోందనుకున్నారేమో, మనసారా నవ్వారు.

"తెలుగులో వేస్తే ఎవరు తాగుతారమ్మా?"

భీమరాజు కూడా నవ్వాడు. రూబీ తల ఎత్తింది. మమత నమస్కారం పెట్టి బయటికొచ్చి, బల్ల మీద తన టోపీ, మాస్కు మడిచి పెట్టేసి, ప్యాసింజరుకి ఇంకా టైమున్నా స్టేషనుకి నడిచింది.

ఇంట్లో మంచం పక్కన స్టూలు మీద ప్యాకెట్టు నిలబడి ఉంది. గుండ్రం, దాని పక్కన ముక్కోణం. మమత గుమ్మంలోనే ఆగిపోయింది.

"మా అత్తగారు పంపించారు వదినా," అంది హర్షిణి. "ముదినేపల్లిలో అమెరికా రకం దిగిందంట. కోడలికని కష్టపడి సంపాదించి, బస్సులో వచ్చేవాళ్ళ చేత పంపారు. మీ దగ్గర తయారయ్యేదే కదా, మనకి ఒక్కసారైనా ఇది తెచ్చావు కాదే?"

మమత వచ్చి నేల మీద కూర్చుంది. వాదించే ఓపిక లేదు. ఏ మాటా ఎక్కువ చెయ్యకుండా, తక్కువ చెయ్యకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. గురువారం రోలు తీసింది చెప్పింది. ఆ ముక్కోణం అంటించింది ఈ చేతులేనని చెప్పింది. కైకలూరు కొట్టాయన సంగతి, రొయ్యల సంగతి చెప్పింది. హర్షిణి షేకరు ఊపుతూ వింటోంది. రొయ్యల మాటకు నవ్వింది కూడా.

"చివరికి తెలుగులో వేయించమని అడిగాను."

"ఏమన్నారు?"

"'తెలుగులో వేస్తే ఎవరు తాగుతారమ్మా' అన్నారు."

షేకరు ఆగింది. హర్షిణి మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టుగా.

"ఆయనే అన్నారా?"

"ఆయనే. నవ్వుతూ అన్నారు."

వీధిలో ఎవరో కుళాయి దగ్గర బిందె మార్చిన చప్పుడైంది. సుందరమ్మ వంటింటి గుమ్మంలో గంజి గ్లాసుతో నిలబడింది, అలవాటుగా తెచ్చింది, అలవాటుగా వెనక్కి పట్టుకెళ్ళబోతోంది.

హర్షిణి లేచింది. ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని పెరట్లోకి నడిచి, షేకరు మూత తీసి మొత్తం తూములో ఒంపేసింది. నీళ్ళు పోసి కడిగింది. మళ్ళీ కడిగింది. వచ్చి మంచం మీద కూర్చుని, తల్లి వైపు చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వమ్మా."

ముక్కు మూసుకుని ఒక గుక్క తాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకో గుక్క తాగి, అరచెయ్యి నోటికి గట్టిగా అడ్డం పెట్టుకుంది. మమత తెలియకుండానే, వాంతికని మంచం కింద పెట్టిన బేసిను దగ్గరికి లాగి పట్టుకుంది. సుందరమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేసి నిమరకుండా, తియ్యకుండా అలాగే ఉంచింది. గంజి కడుపులో నిలుస్తుందో లేదోనని ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు.